దాపరికం లేని పాఠాలు

మస్కట్‌లో మా పాపకి ఇంట్లోనే చదువు. పాఠం చెప్పడం తేలికే; కష్టమల్లా దాపరికం లేకుండా జవాబివ్వడం. ఇక్కడ జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 వరకు ఆరుబయట పని నిషేధం. గడియారం పాఠం దాంతోనే చెప్పాను. నీడన పడుకున్న కూలీల తెలుగు మాటలు విని, "వీళ్ళ పిల్లలేరి నాన్నా?" అంది. ఊళ్ళో ఉన్నారన్నాను. "మరి నేనెందుకు ఇక్కడున్నా?" నా జీతానికి ఫ్యామిలీ వీసా వచ్చింది, వాళ్ళ జీతానికి రాదు అని ఉన్నదున్నట్టు చెప్పాను.

చిన్నపిల్లకి ఇవన్నీ ఎందుకంటుంది మా అమ్మ. అడిగిందంటే వినగలదనే నా లెక్క. 'రైలుబడి'లో కొబయాషి మాస్టారు టోటోచాన్ కబుర్లు నాలుగు గంటలు విన్నారు. నాకంత ఓపికెక్కడ! ఆఫీసు కాల్ వాయిదా వేసి అరగంట విన్నాను.

ఈ వారం డబ్బు లెక్కలు. రియాలుకి వెయ్యి బైసాలు. వీసాకి ఎన్ని బైసాల జీతం కావాలో చెప్పమంటోంది.