పలాస పెంకుల కథ

పలాసను ఆనుకుని ఉన్న కాశీబుగ్గ వీధుల్లో నడుస్తుంటే ఒక ఘాటు వాసన వెంటపడుతుంది. అది జీడిపప్పుది కాదు, దాని పెంకుది. అరచేతిలో పెట్టుకుంటే జీడిపిక్క నున్నగా, బూడిద రంగులో అమాయకంగానే కనిపిస్తుంది. కోసి చూస్తేనే దాని సంగతి తెలిసేది. మూడు మిల్లీమీటర్ల మందంలోనే పైనొక పొర, లోపలొక గట్టి పొర, నడుమ తేనెపట్టు లాంటి గదులు. ఆ గదుల నిండా చిక్కటి జీడి. ఒంటికి తగిలిందా, పొక్కుతుంది. రజకులు బట్టలకు గుర్తులు పెట్టే నల్లజీడిలోనూ ఇలాంటి రసమే. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు బ్రెజిల్ నుంచి తెచ్చిన చెట్టుకు మనవాళ్లు జీడిమామిడి అని పేరు పెట్టారు. నల్లజీడి, మామిడి, జీడిమామిడి ఒకే కుటుంబమని వృక్షశాస్త్రం కూడా ఒప్పుకుంటుంది.

పలాసలో పనంతా ఈ పెంకుతో పేచీయే. ఆవిరిపట్టి చల్లార్చిన పిక్కను రెండు కత్తుల మధ్య పెట్టి నొక్కుతారు. పెంకు విడాలి, పప్పు గుండుగానే రావాలి. బద్దయితే ధర పడిపోయినట్టే. చేతులకు నూనె రాసుకున్న ఆడవాళ్లు మాట్లాడుతూనే పిక్క వెనక పిక్క కోసేస్తుంటారు. పప్పును వేడిలో ఆరబెట్టాక ఎర్రటి పొట్టు ఉల్లిపొరలా రాలుతుంది. పౌండుకు 180 లోపు తూగేవి మేలురకం. పెంకునూ పారెయ్యరు, దాని నూనె రంగుల్లోకి, వాహనాల బ్రేకుల్లోకి వెళ్తుంది.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఊడ్చేసిన ఉద్దానం జీడితోటలు దాటితే సముద్రం, అక్కడ ఇంకో రకం పెంకు. చలికాలం చివర్లో ఈ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట వస్తాయి. మూరెడు లోతు గుంటలోకి నూరు పైచిలుకు గుడ్లు జారిపడతాయి, ఒక్కటీ పగలదు. చూడ్డానికి పింగ్‌పాంగ్ బంతే గానీ, నొక్కితే సొట్టపడే తోలు పెంకు. తడి ఇసుకలోని నీరు పీల్చుకుని ఆ సొట్ట తానే సర్దుకుంటుంది. హేచరీకి తరలించేవాళ్లు కొద్ది గంటల్లోనే, గుడ్డును తిప్పకుండా, ఎలా ఉన్నదాన్ని అలాగే తీసుకెళ్తారు. పిండం పెంకు పైభాగానికి అతుక్కున్నాక తిప్పితే బతకదు. తల్లి డిప్ప వేరే సంగతి, అది వెన్నూ పక్కటెముకలూ కలిసిపోయిన ఎముక. అంత డిప్ప మోస్తూ కూడా సముద్రపు తాబేలు అందులోకి తల ముడుచుకోలేదు!

పలాస స్టేషన్ హౌరా-చెన్నై రైలుమార్గంలో ఉంది. రోడ్డున వచ్చేవారు కాశీబుగ్గలో దిగాలి. తాబేళ్ల కోసమైతే జనవరి-మార్చి మధ్య, అటవీశాఖవారిని అడిగి వెళ్లండి. గుడ్లను తీయడం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. పిక్కలైతే అడిగితే చేతిలో పెడతారు. కోసినవి మాత్రం ముట్టుకోకండి. నా చూపుడువేలు వారం రోజులు పొక్కింది.