కోడిపిల్లకు వెచ్చదనం ఎక్కడి నుంచి?

ఎల్ఈడీ దీపాలు వచ్చాక పాత ఫిలమెంటు బల్బుకు విలువ పోయింది. లాక్కునే కరెంటులో తొంభై శాతానికి పైగా వేడిగా వదిలేస్తుందన్నదే దాని మీదున్న నేరం. ఒక్కరోజు వయసు కోడిపిల్లకు కావలసింది సరిగ్గా ఆ వేడే. పెరటికోళ్లు కొత్తగా మొదలుపెట్టినవారు తొమ్మిది వాట్ల ఎల్ఈడీ వేలాడదీస్తే వెలుగు బాగానే ఉంటుంది, పిల్లలే చలికి ముడుచుకుపోతాయి.

పుట్టిన పిల్ల ఒంటిమీద ఉండేది నూగు మాత్రమే, ఈకలు కావు. ఒంటి వేడిని తనంతట తాను నిలుపుకోవడం దానికి ఇంకా చేతకాదు. అందుకే మొదటి వారం పిల్లల వీపు ఎత్తులో 95 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 35 సెల్సియస్ ఉండాలి. ఆ తర్వాత వారానికి 5 డిగ్రీల ఫారన్‌హీట్ చొప్పున తగ్గించుకుంటూ పోవాలి. మన మే నెలలో పగటిపూట దీపం అక్కర్లేని రోజులుంటాయి. డిసెంబరులో ఆదిలాబాద్ వైపో, అరకు వైపో అయితే నాలుగైదు వారాల దాకా రాత్రిళ్లు వేడి తప్పదు.

పది పన్నెండు పిల్లలకైతే నాటు తల్లికోడిని మించింది లేదు. దాని ఒంటి వేడి 41 సెల్సియస్ దగ్గర ఉంటుంది, కరెంటు పోయినా ఆరదు. చిక్కల్లా ఒకటే. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా వంటి రకాలు పొదగడానికి కూర్చోవడం అరుదు. వాటి పిల్లలు తల్లి లేకుండానే అట్టపెట్టెల్లో ఊరు చేరతాయి. పొదుగుతున్న నాటుకోడి ఉంటే, చీకటి పడ్డాక దాని రెక్కల కిందికి వీటిని చేర్చవచ్చు. చాలా కోళ్లు తెల్లారేసరికి తమ పిల్లలే అనుకుంటాయి. కొన్ని పొడుస్తాయి కూడా, ఉదయాన్నే ఓ కన్నేసి ఉంచాలి.

వంద పిల్లలు తెచ్చుకుంటే లెక్క మారుతుంది. పిల్లకు రెండు వాట్లన్నది మోటు లెక్క. అంటే 200 వాట్లు, రోజంతా వెలిగితే దాదాపు 5 యూనిట్లు. వంద వాట్ల బల్బులు రెండు పెడితే ఒకటి మాడిపోయినా రెండోది ఆదుకుంటుంది. 250 వాట్ల ఇన్‌ఫ్రారెడ్ దీపం ఇంకా బాగా కాస్తుంది కానీ కింద పరిచిన ఊకకు కనీసం అడుగున్నర పైన ఉండాలి. కరెంటు తీగ మీదే వేలాడదీస్తే ఏ అర్ధరాత్రో జారిపడి ఊక అంటుకుంటుంది, గొలుసు కట్టాల్సిందే. పగలకుండా టెఫ్లాన్ పూత పూసిన బల్బుల జోలికి పోనేకూడదు. అవి వేడెక్కితే వచ్చే వాయువు పిల్లల్ని చంపేస్తుంది.

వేల పిల్లలుండే ఫారాలకు గ్యాస్ బ్రూడర్లున్నాయి. చిన్న రైతుకు కరెంటు పోయినప్పుడు గుర్తొచ్చేది బొగ్గుల కుంపటి. చవకే, పనికీ వస్తుంది. అయితే చలిగాలి రాకుండా షెడ్డు చుట్టూ గోనెపట్టాలు బిగించి లోపల కుంపటి పెడితే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. పట్టాలకు పైన జానెడు సందు వదలాలి, కుంపటి చుట్టూ ఇనుప జాలీ పెట్టాలి.

ఏది వాడినా, వేడి సరిపోయిందో లేదో థర్మామీటరు కన్నా ముందు పిల్లలే చెబుతాయి. దీపం కింద ఒకదానిపై ఒకటి ఎక్కి అరుస్తుంటే చలి. అలా గుట్టపడినప్పుడు అడుగునున్నవి ఊపిరాడక చస్తాయి. మూలల్లో నక్కి గుట్టపడకూడదనే చుట్టూ కంచెను గుండ్రంగా కడతారు. ముక్కులు తెరిచి రొప్పుతూ అంచులకు పోతే వేడి ఎక్కువైనట్టు, దీపాన్ని కొంచెం పైకి లాగాలి. అన్నీ ఒక్క పక్కకే చేరితే రెండో పక్కనుంచి గాలి కొడుతున్నట్టు. సర్దుకుని మేత తింటూ అంతటా తిరుగుతుంటే ఏమీ మార్చక్కర్లేదు.

మొదటిసారి పెంచేవారికి ఫిలమెంటు బల్బులు రెండు, అవసరానికి ఓ కుంపటి చాలు. పిల్లలు వచ్చాక కాదు, ముందురోజే దీపాలు వేసి ఉంచండి. పెట్టె తెరిచేముందు ఊకలో చెయ్యి పెట్టి చూడండి. అది చల్లగా ఉంటే ఇంకాసేపు ఆగండి.