మగ్‌ఫర్డ్ వీధిలో శుక్రవారం పాట

బోస్టన్‌కు ఉత్తరాన, అట్లాంటిక్ ఒడ్డున ఉన్న పాత చేపల రేవు మార్బుల్‌హెడ్. అమెరికా స్వతంత్ర దేశం కాకముందు కట్టిన చెక్క ఇళ్లు ఇరుకు సందుల్లో ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. 1776 క్రిస్మస్ రాత్రి, మంచుగడ్డలు కొట్టుకొస్తున్న డెలవేర్ నదిని జార్జ్ వాషింగ్టన్ సైన్యం చేత దాటించింది ఈ ఊరి జాలర్లే. ఆ చరిత్ర చూడ్డానికి వచ్చినవాళ్లు పొద్దుండగానే వెళ్లిపోతారు. శుక్రవారం చీకటి పడ్డాక వచ్చేవాళ్లు వేరు. వాళ్లు మగ్‌ఫర్డ్ వీధిలో 28వ నంబరు భవనానికి, యూనిటేరియన్ యూనివర్సలిస్ట్ చర్చికి, పాట వినడానికి వస్తారు.

ఆ చర్చిలో నడుస్తున్న జానపద పాటల కాఫీహౌస్ పేరు ‘మీ అండ్ దీ’. మొదలైంది 1970లో. కాఫీహౌస్ అన్నంత మాత్రాన రోజూ తెరిచి ఉండే హోటల్ కాదు. ఆదివారం ప్రార్థన జరిగే చర్చే కచేరీ ఉన్న సాయంత్రం కాఫీహౌస్ అవుతుంది. కుర్చీలు వేసేవాళ్లు, గుమ్మం దగ్గర టికెట్లు చూసేవాళ్లు, మైకులు సర్దేవాళ్లు, చివర్లో కప్పులు కడిగేవాళ్లు, అందరూ స్వచ్ఛందంగా వచ్చినవాళ్లే. ఇంట్లో చేసి తెచ్చిన కేకులు, కాఫీ, టీ అమ్ముతారు. మద్యం ఉండదు.

ఆ చివరి మాట దగ్గర కాస్త ఆగాలి. బార్‌లో పాడే గాయకుడు ఎంత గొప్పవాడైనా, అక్కడ అతని అసలు పని గ్లాసులు నిండేలా చూడటమే. జనం మాట్లాడుకోవాలి, తాగాలి, మళ్లీ ఆర్డర్ చేయాలి. అప్పుడే యజమానికి అద్దె వెళ్తుంది. మద్యమే అద్దె కట్టే చోట నెమ్మదిగా సాగే పాటకు, కథ చెప్పే పాటకు చోటుండదు. చర్చి హాలుకు ఆ ఒత్తిడి లేదు. గది ఎప్పటినుంచో ఉంది, పనివాళ్లకు జీతాల్లేవు. అందువల్ల టికెట్ డబ్బు పాటగాడి కోసం ఖర్చవుతుంది, వచ్చినవాళ్లు వినడానికే కూర్చుంటారు. పేరున్న క్లబ్బులు మూతపడినా ఇలాంటి చోట్లు అర్ధశతాబ్దం దాటి బతికి ఉండటానికి నాకు కనిపించే కారణం ఇదే.

ఆ క్లబ్బుల కథ బోస్టన్ పక్కనే ఉంది. 1958లో కేంబ్రిడ్జ్‌లో జాజ్ కోసం తెరిచిన ‘క్లబ్ 47’లో పదిహేడేళ్ల జోన్ బాయెజ్ గిటార్ పట్టుకుని పాడింది. త్వరలోనే అది జానపద గాయకుల అడ్డా అయింది. మరుసటి ఏడాది న్యూపోర్ట్ జానపద సంగీత ఉత్సవం మొదలై ఆ గాలి దేశమంతా వీచింది. ఆ తర్వాత కుర్రకారు రాక్ సంగీతం వైపు మళ్లారు. 1968లో క్లబ్ 47 మూతపడింది. అదే గది ‘పాసిమ్’ పేరుతో మళ్లీ తెరుచుకుని నేటికీ నడుస్తోంది గానీ, అలా నిలదొక్కుకున్నవి తక్కువ. మరోపక్క, 1960లో వాషింగ్టన్‌లో ఒక చర్చివాళ్లు ‘పాటర్స్ హౌస్’ అనే కాఫీహౌస్ తెరిచారు. వియత్నాం యుద్ధం రోజుల్లో ప్రార్థనకు రాని యువతను కనీసం కాఫీకైనా పిలవాలని ఎన్నో చర్చిలు అదే దారి పట్టాయి. పిలుపు యువతకైతే, నీడ దొరికింది పాటకు.

యూనిటేరియన్లు ఈ పనికి మరీ తగినవాళ్లు. వీళ్ల చర్చిలో చేరడానికి ఫలానా విశ్వాసాన్ని ఒప్పుకుని తీరాలన్న నిబంధన లేదు, దేవుణ్ణి నమ్మనివాళ్లు కూడా సభ్యులుగా ఉంటారు. కాబట్టి యుద్ధాన్ని తిట్టే పాటకైనా, విడిపోయిన ప్రేమ పాటకైనా అడ్డు లేదు. జానపద ఉద్యమానికి పెద్దదిక్కు పీట్ సీగర్ కూడా న్యూయార్క్‌లో ఈ శాఖ చర్చి సభ్యుడే. తెలుగువాళ్లకు ఈ భావధార కొత్తదేమీ కాదు. 1821లో కలకత్తాలో యూనిటేరియన్ కమిటీ పెట్టినవాళ్లలో రామమోహన్ రాయ్ ఒకరు. ఆయన తర్వాత స్థాపించిన బ్రహ్మసమాజమే మన వీరేశలింగం గారికి, రఘుపతి వెంకటరత్నం నాయుడు గారికి దారి చూపింది.

ఈ కాఫీహౌస్‌లలో వినిపించేదంతా తాతల నాటి పాట కాదు. బొగ్గు గనుల పాటలు, ఓడ కళాసీల పాటలు ఒకవైపు ఉంటే, గాయకులు తామే రాసుకున్నవి మరోవైపు. 1990ల్లో డార్ విలియమ్స్, ఎలిస్ పాల్ వంటివారు బోస్టన్ చుట్టుపక్కల కాఫీహౌస్‌లలో పాడుతూనే పైకొచ్చారు. పాటకూ పాటకూ మధ్య తీగలు శ్రుతి చేసుకుంటూ ఆ పాట ఎలా పుట్టిందో చెబుతారు. బుర్రకథ, హరికథ విన్న మనకు ఆ పద్ధతి వెంటనే అందుతుంది. మాటా పాటా కలిస్తేనే అక్కడ కచేరీ పూర్తవుతుంది. ఊరూపేరూ తెలియని కొత్తవాళ్లకు ఓపెన్ మైక్ రాత్రులుంటాయి. పెద్ద హాళ్లలో ఎన్నడూ దొరకని అవకాశం అది.

ఒక్క కాఫీహౌస్‌తో ఏ గాయకుడికీ బతుకు గడవదు. ఒక రాత్రి ఒక ఊరు, మర్నాడు మరో ఊరు తిరగాలి. సముద్రతీరం వెంట మరికొంత ఉత్తరానికి వెళితే రాక్‌పోర్ట్‌లో ఒక చర్చిలో నడిచే ‘ఓల్డ్ స్లూప్’ ఉంది. 1814లో బ్రిటిష్ యుద్ధనౌక పేల్చిన ఫిరంగి గుండు తగిలిన గోపురం ఆ చర్చిది. ఒక్కో చర్చి ఒక్కో రాత్రికి ఆసరా ఇస్తే గాయకుడి ప్రయాణానికి అర్థం ఉంటుంది. ఒకటి మూతపడితే మిగతా ఊళ్ల కచేరీలకూ దెబ్బే.

ఈ కాఫీహౌస్‌లన్నింటికీ ఉన్న బెంగ శ్రోతల వయసు. ముందు వరుసల్లో నెరిసిన తలలే ఎక్కువ. కేకులు చేసేవాళ్లు, కుర్చీలు మోసేవాళ్లు కూడా వాళ్లే. బోస్టన్ శివారుల్లో మన తెలుగు కుటుంబాలు వేలల్లో స్థిరపడ్డాయి. అన్నమయ్య కీర్తనలకు, సినిమా పాటల రాత్రులకు పిల్లల్ని తీసుకెళ్లే ఆ తల్లిదండ్రులకు ఒక విన్నపం. ఆ పిల్లలు పుట్టి పెరుగుతున్న నేల పాట కూడా వాళ్లదే. వచ్చే సీజన్‌లో ఒక శుక్రవారం వాళ్లను మగ్‌ఫర్డ్ వీధికి తీసుకెళ్లండి. టికెట్ కొని వినండి. కుదిరితే మరోసారి కుర్చీలు వేయడానికి కూడా వెళ్లండి.