నిద్ర లేచిన తెర ఎందుకు వణుకుతుంది?

సస్పెండ్‌లో పెట్టిన పాత లినక్స్ ల్యాప్‌టాప్ మూత తెరవగానే తెర మిణుకుమిణుకుమంటే, మైపాడు, కృష్ణపట్నం తీరాన మొదటి నింద ఉప్పుగాలి మీదే పడుతుంది. ఉత్త అనుమానమేమీ కాదు. ఉప్పుతేమ లోహపు కనెక్టర్లను నిజంగానే తినేస్తుంది. కానీ తుప్పుకు వేళాపాళా ఉండదు. నిద్రకు ముందు నిలకడగా ఉండి, లేచాకే వణికి, రీస్టార్ట్ చేస్తే కుదుటపడే తెర విషయంలో ముందు అనుమానించాల్సింది డ్రైవర్‌ని. మూత తెరిచినప్పుడు లోపలి తీగ కదిలి ఉండొచ్చు కదా అంటారా? మంచి ప్రశ్నే. మూత వేయకుండా మెనూ నుంచే సస్పెండ్ చేసి లేపండి. అప్పుడూ వణికితే తీగ నిర్దోషి అనుకోవచ్చు.

సస్పెండ్‌లో ర్యామ్‌కు మాత్రం కాస్త కరెంటు అందుతుంది. గ్రాఫిక్స్ చిప్‌కు ఆగిపోతుంది, సెట్టింగులు చెరిగిపోతాయి. లేవగానే తెర రిఫ్రెష్ వేగం, బ్యాక్‌లైట్ వగైరా అన్నీ డ్రైవరే మళ్లీ అమర్చాలి. ఒక్కటి తప్పినా వణుకు రావచ్చు. కొన్ని ఇంటెల్ చిప్‌లలో పీఎస్ఆర్ అనే పొదుపు ఏర్పాటు ఉంది: బొమ్మ కదలనప్పుడు తెర తన సొంత మెమరీలోని బొమ్మనే చూపుతుంటే, చిప్ కునుకు తీస్తుంది. ఈ అప్పగింతల్లో తడబాటు లినక్స్‌లో పాత కథే. అందుకే బూట్ సమయంలో ఐ915 అనే ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్‌కు పీఎస్ఆర్ విలువ 0 ఇచ్చి చూస్తారు. బ్యాటరీ కాస్త ముందే అయిపోతుంది, నిజమే. కొత్త కెర్నల్ వేశాక ఆ 0 తీసేసి మళ్లీ పరీక్షించవచ్చు.