పాత ఛాయాచిత్రములలోని విమానములను గుర్తించుట ఎట్లు?

మన యిండ్లలో ట్రంకుపెట్టెల అడుగున దొరకు పాత పటములలోని మనుష్యులను గుర్తుపట్టగల పెద్దలు కొందరైనను ఉందురు. వారి వెనుక నిలిచిన విమానము ఏదియో చెప్పగలవారు మాత్రము అరుదు. దానిని గుర్తించినచో పటము తీసిన కాలమును, ఒక్కొక్కప్పుడు స్థలమును కూడ ఊహింపవచ్చును.

కినత్తుకడవు పరిసరములవారికి ఇది దూరపు విషయము కాదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున, 1942లో, బ్రిటిష్ నౌకాదళము కోయంబత్తూరులో విమానముల మరమ్మతు కర్మాగారమును నెలకొల్పి దానికి ‘గరుడ’ యని పేరిడెను. 1945లో సూలూరు విమానక్షేత్రమున ‘వైరి’ యను స్థావరమును తెరచెను. 1946లో రెండును మూయబడెను. ఓడలపైనుండి ఎగురు విమానములు సముద్రము కానరాని కొంగునాటికి వచ్చుటకు కారణమిదియే.

మొదట చూడవలసినవి రెక్కలు. ఒకదానిపై నొకటిగా రెండు జతలున్నచో అది స్వోర్డ్‌ఫిష్ గాని, శిక్షణకు వాడిన టైగర్ మాత్ గాని కావచ్చును. మొదటిది పెద్దది, దాని యింజను ముందువైపు గుండ్రముగ నుండును. రెండవది చిన్నది, సన్నని ముక్కు గలది. రెక్కలు మొదట క్రిందికి వంగి పిమ్మట పైకి లేచినచో అది కోర్సెయిర్. ఓడలో చోటు చాలుటకై మడచినప్పుడు దాని రెక్కలు నమస్కరించు చేతులవలె పైకి లేచును. హెల్‌క్యాట్ రెక్కలు మాత్రము వ్రాలిన పక్షి రెక్కలవలె వెనుకకు, దేహము ప్రక్కకు మడుగును.

తరువాత చూడవలసినవి గుర్తులు. బ్రిటిష్ విమానముల వృత్తచిహ్నము నడుమ ఎరుపు ఉండెడిది. జపాను గుర్తు ఎర్రని వృత్తమే యగుటచే, స్వపక్షమువారే పొరబడి కాల్చకుండుటకై మన ప్రాంతమున ఆ ఎరుపును తొలగించిరి. కావున నడుమ ఎరుపు లేని చిహ్నము తూర్పుదేశముల యుద్ధరంగమును సూచించును. తోకకు ముందు రెండు ఆంగ్లాక్షరములు, మూడు అంకెలు కనిపించినచో అది ఆ యొక్క విమానపు సంఖ్య. వి.టి. అను అక్షరములతో మొదలగు గుర్తున్నచో అది మన దేశపు పౌరవిమానము.

రంగుల విషయమున తొందరపడరాదు. కొన్ని పాత ఫిల్ములలో ఎరుపు నల్లగను, నీలము తెల్లగను పడును. పటము తలక్రిందుగా గాక కుడియెడమలు తారుమారై అచ్చుపడుటయు కలదు. అక్షరములను చూచిన అది తెలియును.

తల్లిదండ్రులు పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఇట్టి పటములను భూతద్దముతో పరిశీలింపవలెను. పటము వెనుక పెద్దలు తెలుగున వ్రాసిన మాటలున్నచో పిల్లలచేతనే చదివింపవలెను. తెలిసిన పేర్లను, ఊరిని మెత్తని పెన్సిలుతో వెనుక వ్రాయవలెను, సిరా వాడరాదు. విమానముల చరిత్ర గ్రంథములలో దొరకును. వాని ముందు నిలిచిన మన తాతల పేర్లు మాత్రము, తెలిసినవారు ఉండగనే వ్రాసికొననిచో, మరెక్కడను దొరకవు.