తన్ను తాను చక్కదిద్దుకొను యంత్రము

1948వ సంవత్సరము మార్చి మాసమున, ఇంగ్లండు దేశపు గ్లాస్టరు పట్టణమునందలి బార్న్‌వుడ్ హౌస్ అను మానసిక చికిత్సాలయములో, రాస్ యాష్బీ అను వైద్యుడు నాలుగు పెట్టెలను తీగెలతో నొండొంటికి కలిపి, హోమియోస్టాట్ అను యంత్రమును నడిపించెను. పరిసరము లెంత మారినను ప్రాణి తన జీవనమునకు వలసిన హద్దులలో నెట్లు నిలిచియుండగలదో చిరకాలముగా విచారించుచుండిన యాతడు, ఆ నేర్పు జడపదార్థమునకును అబ్బునని ఈ యంత్రముతో నిరూపించెను.

ప్రతి పెట్టెమీదను ఇరుసుపై తిరుగు అయస్కాంత మొకటి కలదు. దానికి కట్టిన తీగెకొస నీటితొట్టిలో మునిగియుండును. అయస్కాంతము కదలి తీగె జరిగిన కొలది విద్యుత్ప్రవాహము మారి, తక్కిన మూడు అయస్కాంతములను కదల్చును. అవియు మరల దీనిని కదల్చును. ఈ పరస్పర ప్రభావము హెచ్చి అయస్కాంతము హద్దు దాటెనా, టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలలో ఆనాడు వాడిన స్విచ్చి యొకటి మెట్టు తిరిగి, యాదృచ్ఛికముగా నేర్పరచిన 25 అమరికలలో వేరొకదానిని ప్రవేశపెట్టును. నాలుగు స్విచ్చిలును కలిసి 3,90,625 అమరికల నీయగలవు. నిలుకడ దొరకువరకు యంత్రము వెదకును. దొరికినంతనే వెదకుట మానును. యాష్బీ రెండు అయస్కాంతములను కడ్డీతో బంధించినను, ప్రవాహదిశను తారుమారు చేసినను, అది కొంత తడవు చలించి, క్రొత్త అమరికతో మరల కుదుటబడెను.

అయినను భాగములు పెరిగిన కొలది ఈ వెదకులాట దుర్భరమగునని 1952లో ప్రకటించిన ‘డిజైన్ ఫర్ ఎ బ్రెయిన్’ గ్రంథమున నాతడే విశదపరచెను. ఉదాహరణకు, ఇరువది నాణెములు ఒక్కసారే బొమ్మ పడవలెనన్నచో సగటున 10,48,576 మారులు ఎగురవేయవలసియుండును. పడిన బొమ్మల నట్లే యుంచి తక్కినవానినే ఎగురవేసినచో కొలది విడతలలో పని ముగియును. కావున భాగములు పరస్పరము కొంతవఱకే ముడిపడియుండి, ఒకటి సాధించినది వేరొకదాని తడబాటుచే చెడకుండవలెను.

ఇట్టి పోకడయే నేటి ఇంటర్నెట్టులోను కానవచ్చును. అందు ఒక మార్గము తెగినపుడు, కేంద్రాజ్ఞకై వేచియుండక, రౌటర్లు ఇరుగుపొరుగుల సమాచారము ననుసరించి వేరుదారిని ఏర్పరచుకొనుచున్నవి. అందును భాగములకు స్వాతంత్ర్యము కలదు, దానికి నియమమును కలదు. స్వయంవ్యవస్థను నిర్మింపబూనిన ఇంజనీరు ప్రతి కదలికను తానే శాసింపనక్కరలేదు. కాపాడవలసిన హద్దును స్పష్టముగా నిర్ణయించి, మారుటకు భాగములకు తగిన స్వేచ్ఛ నొసగి, కుదిరినదానిని నిలుపు ఉపాయము కల్పించుటయే యాతని ముఖ్యకర్తవ్యము.