బస్తరు అడవిలో సముద్రపు రాయి

కోటుంసర్ గ్రామం చెంత, నేల అడుగున వెలుతురెరుగని లోకమొకటి ఉన్నది. దాని గోడలు కడలిలో పుట్టినవి. వాటిని కాపాడుకొనవలసిన వారము మనమే.

బస్తరుకు సముద్రతీరం లేదు. అయినను ఛత్తీస్‌గఢ్‌లోని జగదల్‌పూర్‌కు దక్షిణంగా సుమారు 40 కిలోమీటర్ల దూరాన, దట్టమైన అడవి నడుమ ఉన్న కోటుంసర్ గ్రామం సముద్రం మిగిల్చిన రాతి సీమలోనిది. ఇక్కడి సున్నపురాయి దాదాపు వంద కోట్ల సంవత్సరాల క్రిందట, లోతు తక్కువైన సముద్రపు అడుగున పొరలుగా పేరుకొన్నది. నాటికి భూమిపై చెట్టు లేదు, నీటిలో చేప లేదు. కడలి తరలిపోయినది; రాయి మిగిలినది.

ఆ రాతిని తొలిచినది వాన. వర్షపు నీరు గాలి నుండి, మట్టి నుండి బొగ్గుపులుసు వాయువును గ్రహించి స్వల్పమైన ఆమ్లమై, పగుళ్ళలో దిగి సున్నపురాతిని కరగించినది. అట్లు ఏర్పడిన గుహలలో ముఖ్యమైనది కోటుంసర్ గుహ. బొర్రా గుహల విశాల ద్వారాన్ని చూచినవారు ఇక్కడి ముఖాన్ని చూచి ఆశ్చర్యపడతారు. కొండలోని ఇరుకైన చీలిక గుండా లోనికి దిగవలెను. లోపల పైకప్పు నుండి మర్రి ఊడలవలె రాళ్ళు వ్రేలాడుతుంటాయి. చుక్క పడిన చోట నేల నుండి స్తంభాలు లేస్తాయి. ఒక అంగుళం పెరుగుటకు వందల ఏళ్ళు పట్టవచ్చును.

భూగోళ శాస్త్రజ్ఞుడు డాక్టర్ శంకర్ తివారీ 1950వ దశకంలో ఈ గుహను పరిశీలించి లోకానికి పరిచయం చేసినాడు. ఇక్కడి నీటిలో కళ్ళు క్షీణించి, రంగు వెలిసిన చిన్న చేపలున్నవి. చీకటిలో చూపుతో పనిలేదు గదా! గుహలో కనుగొన్న ఒక కీచురాయి జాతికి 1977లో తివారీ పేరిటనే ‘శంకరి’ అని నామకరణం జరిగినది. వానాకాలపు వరద కొట్టుకొనివచ్చే ఆకూ అలమూ ఈ జీవులకు ఆహారం. ఆ కాలంలో గుహలోనికి సందర్శకులను అనుమతించరు.

సమీపంలోని దండక్ గుహ మరొక వింత తెలిపినది. అక్కడి రాతి స్తంభపు పొరలలో రెండు విధాల ఆక్సిజన్ పరమాణువుల పాళ్ళను కొలిచి, శాస్త్రజ్ఞులు క్రీ.శ. 600 నుండి 1500 వరకు వర్షపాతపు హెచ్చుతగ్గులను గుర్తించి, 2007లో ప్రకటించినారు. 14వ శతాబ్దిలో దశాబ్దాల తరబడి సాగిన అనావృష్టి అందులో నమోదై ఉన్నది. ఓరుగల్లు 1323లో పతనమైన పిమ్మట కాకతీయ వంశీయుడు అన్నమదేవుడు బస్తరు చేరి రాజ్యం నెలకొల్పినాడని సంప్రదాయం. ఆ శతాబ్దిలోనే వానలు ముఖం చాటుచేసిన సంగతిని రాయి తనలో దాచుకొన్నది.

ఇటువంటి సున్నపురాయి మరొకచోట బట్టీలకు చేరి సిమెంటు అవుతుంది. 1982లో సుమారు 200 చదరపు కిలోమీటర్ల మేర కాంగేర్ లోయ జాతీయోద్యానంగా ప్రకటింపబడినందున ఇక్కడ ఆ ముప్పు తప్పినది. 2025లో ఈ ఉద్యానం యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోను చేరినది. కాని గుహకు గునపమే శత్రువు కానక్కరలేదు. కిరోసిన్ దీపపు పొగ రాతిని నల్లబరుస్తుంది. ఎడతెగక వెలిగే విద్యుద్దీపం దానిపై పాచిని పెంచుతుంది. చేతి జిడ్డు అంటిన చోట కొత్త పొర సరిగా కట్టదు. జ్ఞాపకార్థమై ఒకరు విరిచిన ముక్క వేల ఏళ్ళ లెక్కను చెరపివేస్తుంది.

ఈ అడవి గ్రామాలలోని ధురవా గిరిజన యువకులు కొందరు యాత్రికులకు దారిచూపి జీవనం సాగిస్తున్నారు. గుహ చెడితే వారికి కూడు పోతుంది, మనకు చరిత్ర పోతుంది. కాంగేర్ నది శబరిలోను, శబరి గోదావరిలోను కలుస్తాయి. కనుక ఈ లోయ నీరు తెలుగు నేలకూ చేరుతున్నది. అక్కడికి వెళ్ళు తెలుగువారు కన్నులారా చూచి, చేయి తగిలించకుండా తిరిగివచ్చిన చాలును. సముద్రం అప్పగించిపోయిన నిధికి మనము చేయగల సేవ అదియే.